సోయా బస్తాలోంచి కడాయి దాకా: ఇంట్లోనే టోఫు, కూరగాయల స్టిర్ ఫ్రై

మా మామయ్యకు వచ్చిన ఇంగ్లీషు మాటలు ఓ పది ఉంటాయేమో. వాటిలో ఆయన నోట ఎక్కువగా వినిపించేది ఒకటే: మాయిశ్చర్. సోయా కోతలు మొదలయ్యాయంటే మా ఇంట్లో పొద్దున లేచింది మొదలు అదే ముచ్చట. మోండాకు, అంటే ధాన్యం మార్కెట్‌కు, బస్తాలు తీసుకుపోతే వ్యాపారి గుప్పెడు గింజలు తీసి మిషన్‌లో పోస్తాడు, అంకె చూస్తాడు, ధర తగ్గిస్తాడు. మద్దతు ధరకు కొనాలంటే తేమ 12 శాతం దాటకూడదనేది మామూలు లెక్క. 2024 పంటకు దాన్ని 15 శాతం దాకా సడలించారు. మామయ్య మాత్రం ఇప్పటికీ గింజను పంటి కింద పెట్టి కొరికి, టక్కుమన్న చప్పుడును బట్టే లెక్క చెప్తారు.

నేను మొదటిసారి టోఫుతో స్టిర్ ఫ్రై చేసిన రోజు ఆయన రెండు ముద్దలు తిని, ప్లేటు అడుగున చేరిన నీళ్లను ఒకసారి చూసి, "మాయిశ్చర్ ఎక్కువుంది బిడ్డా" అన్నారు. నవ్వులాటకే అన్నారు. కానీ నా తప్పు సరిగ్గా అదే. ఈ వంటలో మనం చేసే పనంతా నీళ్లను వదిలించుకోవడమే. టోఫు చేయడమంటే సోయా పాలను విరగ్గొట్టి వాటిలోంచి నీళ్లను విడదీయడం. స్టిర్ ఫ్రై అంటే కూరగాయల్లోని నీళ్లు బయటికొచ్చి చేరేలోపే వాటిని మంట మీద ఆవిరి చేయడం. ఇది పట్టుబడితే మిగతాదంతా మీ ఇష్టం.

మాది మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా, ధర్మాబాద్ దగ్గర ఊరు. రైలెక్కితే కాసేపట్లో బాసర, ఆ తర్వాత నిజామాబాద్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అంగడిలో రెండూ. వానాకాలం మా చుట్టూ ఎటు చూసినా సోయానే. అన్ని వేల ఎకరాలు పండిస్తాం, కోసి, నూర్చి, బస్తాలకెత్తి నూనె మిల్లులకు పంపిస్తాం. ఆ నూనే తిరిగి ప్యాకెట్లలో మా కిరాణా కొట్లకు వస్తుంది. గింజను మాత్రం ఎవరూ వండుకోరు. ఊళ్లో కొట్టు ఆయన్ని టోఫు ఉందా అని అడిగితే, "పన్నీర్ ఉంది, అయితే అది నాందేడ్ నుంచి రావాలె" అన్నాడు. పన్నీరు ఆవు, గేదె పాలది. టోఫు సోయా పాలది. చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి, అంతే.

మీకు దగ్గర్లో టోఫు ప్యాకెట్ దొరికితే ఈ కింది భాగం వదిలేసి నేరుగా టోఫు ఆరబెట్టే దగ్గరికి వెళ్లిపోండి. దొరకకపోతే, ఇంట్లో సోయా ఉంటే, ఒక పూట పనే. 2024-25లో సోయా మద్దతు ధర క్వింటాలుకు 4,892 రూపాయలు. ఆ లెక్కన పావు కిలో గింజల ఖరీదు 12 రూపాయల చిల్లర. దాంతో సుమారు 350 గ్రాముల టోఫు వస్తుంది. నలుగురికి చాలు.

గింజ నుంచి టోఫు

ముందు ఒక మాట, ఇందులో మొహమాటం లేదు: విత్తనాల బ్యాగులో మిగిలిన గింజలు వాడకండి. విత్తనానికి మందు పట్టిస్తారు. ఎర్రగానో పచ్చగానో రంగు కనిపిస్తుంది, కనిపించకపోయినా ఆ సంచిలోది తినకూడదు. కడిగితే పోతుందనుకోవద్దు. కోతకొచ్చిన పంట నుంచి తీసిన గింజో, కిరాణా కొట్టులో తినడానికి అమ్మేదో తీసుకోండి. ముడతలు పడినవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి ఏరేయండి. కోత సమయంలో వానకు తడిసిన గింజ ఇలాగే ఉంటుంది, దాని టోఫు కూడా అదే వాసన కొడుతుంది.

పావు కిలో గింజలు మూడు నాలుగుసార్లు కడిగి, లీటరు నీళ్లలో రాత్రి నానబెట్టండి. ఎండాకాలమైతే ఏడెనిమిది గంటలు చాలు, అంతకు మించి ఉంచితే పులుస్తాయి. చలికాలంలో పన్నెండు గంటలు కావాలి. నానిందా లేదా అని గడియారం చూడకండి, గింజను అడగండి. ఒక గింజను వేళ్ల మధ్య పెట్టి రెండు బద్దలుగా విడదీయండి. బద్ద లోపలి వైపు మధ్యలో చిన్న గుంటలా ఉంటే ఇంకా నానాలి. లోపలంతా ఒకే మట్టంగా, ఒకే రంగులో ఉంటే నానినట్టు. నానిన గింజలు గిన్నెలో రెండింతలు దాటి ఉబ్బుతాయి, కాబట్టి పెద్ద గిన్నె తీసుకోండి.

నానిన నీళ్లు పారబోసి, మళ్లీ కడిగి, మిక్సీలో రెండు మూడు వాయిలుగా రుబ్బండి. అన్ని వాయిలకూ కలిపి రెండు లీటర్ల మంచినీళ్లు వాడాలి. ఒక్కో వాయి రెండు నిమిషాలు గట్టిగా తిరగాలి. వేళ్ల మధ్య రాస్తే బొంబాయి రవ్వలా గరగరలాడకూడదు. పలచటి పాత నూలు బట్టను గిన్నె మీద కట్టి, రుబ్బింది అందులో పోసి, మూట కట్టి పిండండి. తెల్లటి పాలు కిందికి దిగుతాయి, పిప్పి మూటలో మిగులుతుంది. చేతులు నొప్పి పుట్టేదాకా పిండాలి, అక్కడ బద్ధకిస్తే టోఫు తగ్గుతుంది. పిప్పిని పారేయకండి, దాని సంగతి చివర్లో చెప్తాను.

ఇప్పుడు కాచడం. పచ్చి సోయాలో మాంసకృత్తులు అరగకుండా అడ్డుపడే పదార్థాలు ఉంటాయి, అవి బాగా మరిగితేనే పనిచేయకుండా పోతాయి. అందుకే ఇది ఒక పొంగు రాగానే దించేసే వ్యవహారం కాదు. ఇక్కడ సోయా పాలు మనల్ని మోసం చేస్తాయి కూడా. అసలు మరగకముందే నురగ పైకి లేస్తుంది, మనం మరిగిందనుకుంటాం. నా మొదటి ప్రయత్నంలో అలాగే, ఫోన్ ఎత్తి "హలో" అనేలోపు పొయ్యి మీద సగం లీటరు పారింది. ఎండిపోయిన సోయా నురగను స్టౌ మీద నుంచి గోకడం ఒక శిక్ష. కాబట్టి పాలు సగం మాత్రమే నిండే గిన్నె తీసుకోండి. నురగ లేవగానే మంట తగ్గించి, పైన తేలింది గరిటెతో తీసేసి, సన్నటి మంట మీద అడుగంటకుండా కలుపుతూ పూర్తిగా పది నిమిషాలు మరగనివ్వండి. పచ్చి వాసన పోయి, ఉడికిన పప్పు లాంటి వాసన వస్తుంది.

పొయ్యి ఆపి, ఐదు నిమిషాలు ఆగండి. ఈలోపు రెండు పెద్ద నిమ్మకాయల రసం తీసి, అర గ్లాసు నీళ్లలో కలపండి. ఇంకో నిమ్మకాయ పక్కన పెట్టుకోండి. చైనాలో దీనికి జిప్సం వాడతారు, జపాన్‌లో సముద్రపు ఉప్పు తీశాక మిగిలే చేదు ద్రావణం, నిగారి, వాడతారు. వాటితో చేస్తే టోఫు ఇంకా నున్నగా వస్తుంది. నిమ్మరసంతో కాస్త గరుకుగా, లేత పులుపుతో వస్తుంది. వేయించే కూరకు ఆ గరుకుతనమే మంచిది, సాస్ పట్టుకుంటుంది.

నిమ్మ నీళ్లను ఒక్కసారి గుమ్మరించకండి. మూడో వంతు పోసి గరిటెతో ఒక్కసారి మెల్లగా అటూ ఇటూ తిప్పి ఆపండి. మళ్లీ మూడో వంతు. మిగిలింది పైన చిలకరించి, మూత పెట్టి పదిహేను నిమిషాలు పక్కకు వెళ్లిపోండి. పన్నీరుకు అలవాటుపడిన చెయ్యి గరగరా కలిపేస్తుంది, అలా కలిపితే విరుగు నలిగి పొడిపొడిగా అవుతుంది. మూత తీసేసరికి మబ్బుల్లా ముద్దలు, మధ్యలో లేత పసుపు రంగు నీళ్లు కనిపించాలి. నీళ్లు ఇంకా పాలలా తెల్లగా ఉంటే మూడో నిమ్మకాయకు పని పడింది.

చిల్లుల గిన్నెలో తడి బట్ట పరిచి, విరుగును గరిటెతో జాగ్రత్తగా ఎత్తి పోయండి. బట్ట నాలుగు అంచులు మడిచి, పైన చిన్న ప్లేటు, ప్లేటు మీద రెండు కిలోల బరువు. మా ఇంట్లో నీళ్లు నింపిన ఇత్తడి చెంబు, దాని పక్కన మసాలా రోలులోని బండ పెడతాం. ముప్పావు గంట చాలు. ఆ తర్వాత బట్ట విప్పి, చన్నీళ్ల గిన్నెలో పావుగంట ఉంచితే గట్టిపడుతుంది.

మొదటిసారి అత్తమ్మ బట్ట విప్పి చూసి, "ఏందే ఇది, జున్నా?" అని అడిగింది. వేలితో నొక్కి, చిన్న ముక్క నోట్లో వేసుకుని, "ఉప్పు లేదు, తీపి లేదు, ఏం రుచే ఇది" అంది. నిజమే. టోఫుకు సొంత రుచి పెద్దగా ఉండదు. పక్కనున్నదాని రుచి తీసుకుంటుంది. అందుకే తర్వాతి పని ముఖ్యం.

టోఫును ఆరబెట్టి, వేయించడం

ఇంట్లో చేసిందైనా, ప్యాకెట్‌దైనా టోఫు లోపల ఇంకా చాలా నీళ్లుంటాయి. గడ్డను శుభ్రమైన నూలు తువ్వాలులో చుట్టి, పైన బరువు పెట్టి ఇరవై నిమిషాలు ఉంచండి. ఆ తర్వాత తువ్వాలు పట్టుకుని చూడండి, తడిసి ముద్దవుతుంది. ఆ తడి అలాగే కడాయిలో పడితే నూనె చిమ్మాల్సిందే.

ప్యాకెట్ కొనేవాళ్లకు ఒక మాట: 'సిల్కెన్' అని రాసి ఉన్న మెత్తటి టోఫు దీనికి పనికిరాదు, గరిటె తగిలితే గుజ్జైపోతుంది. గట్టిది, 'ఫర్మ్' అని ఉన్నది తీసుకోండి. టైముంటే ఇంకో కిటుకు ఉంది. ముందురోజు టోఫును ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, వాడే ముందు కరిగించి, అరచేతుల మధ్య మెల్లగా నొక్కండి. స్పాంజిలా చిన్న చిన్న రంధ్రాలు పడి ఉంటాయి, నీళ్లు సులువుగా వెళ్లిపోతాయి, సాస్ అంతే సులువుగా లోపలికి పోతుంది. కొరికితే కొద్దిగా సాగుతుంది. మా పిల్లలకు అలా చేసిందే ఇష్టం.

ముప్పావు అంగుళం ముక్కలు కోయండి. మరీ చిన్నవి విరుగుతాయి, పెద్దవి లోపల చప్పగా మిగులుతాయి. ఒక ప్లేటులో రెండు పెద్ద స్పూన్ల కార్న్‌ఫ్లోర్, చిటికెడు ఉప్పు, పావు టీ స్పూను మిరియాల పొడి కలిపి, ముక్కల మీద చల్లి, ప్లేటును ఊపుతూ దొర్లించండి. కార్న్‌ఫ్లోర్ లేకపోతే బియ్యప్పిండి, కరకర ఇంకా ఎక్కువ.

ఇనుప కడాయి ఉంటే అదే పెట్టండి. నాన్‌స్టిక్‌ది ఇంత మంటకు తట్టుకోదు, పైపూత పాడవుతుంది. ఖాళీ కడాయిని పెద్ద మంట మీద వేడెక్కించి, ఒక నీటి చుక్క వేయండి. చుక్క చుర్రుమని అక్కడే ఆవిరైతే ఇంకా చాలదు. ముత్యంలా గుండ్రమై కడాయంతా పరుగెత్తితే వేడి చాలినట్టు. అప్పుడు రెండు పెద్ద స్పూన్ల పల్లి నూనె పోసి, కడాయిని తిప్పి అంతటా పట్టించండి. సోయా నూనె కూడా బాగుంటుంది.

టోఫు ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పరిచి, మంట మధ్యస్థం చేసి, చేతులు కట్టుకోండి. నిజంగానే. ముక్క అంటుకుందని కంగారుపడి గరిటె పెట్టి గోకితే పైపొర అడుగునే ఉండిపోతుంది. రెండు మూడు నిమిషాలకు కింద బంగారు రంగు పొర కట్టగానే ముక్క తనంతట తానే వదులుతుంది. కదిపితే కదలకపోతే ఇంకా కాలేదని అర్థం. రెండో వైపు కూడా అలాగే. ఆరు వైపులా వేయించాలని పట్టుబట్టకండి, రెండు మూడు వైపులు చాలు. తీసి ప్లేటులో పెట్టండి. మూత పెట్టకండి, ఆవిరికి మళ్లీ మెత్తబడతాయి.

కూరగాయలు: ఏవి సరిపోతాయి, ఏవి సరిపోవు

వారం అంగడిలో ఏ కూరగాయ బాగుంటే అదే. అయినా అన్నీ పనికిరావు. సొరకాయ, బీరకాయ నీళ్ల కుండలు. బెండ జిగురు. వంకాయ ఎంత నూనె పోస్తే అంత తాగుతుంది. గోరుచిక్కుడు పచ్చిగా వేస్తే నార నమలాలి. గట్టిగా ఉండి, తొందరగా మగ్గి, నీళ్లు తక్కువ వదిలేవి కావాలి.

నేను మామూలుగా వేసేవి ఇవి: ఒక గాజర్ (క్యారెట్), పది పన్నెండు బీన్స్, ఒక క్యాప్సికమ్, పావు క్యాబేజీ, ఒక ఉల్లిగడ్డ, గోబీ చలికాలంలో చవకైతే నాలుగైదు పువ్వులు. చివర్లో ఒక చిన్న కట్ట ఉల్లాకు. మా అంగడిలో ఉల్లాకు అంటే కొంతమందికి అర్థం కాదు, 'కాంద్యాచీ పాత్' అనాలి. క్యాప్సికమ్‌ను 'షిమ్లా మిర్చీ' అంటారు. పుట్టగొడుగులు దొరికితే వేయండి కానీ వాటిని విడిగా వేయించాలి, అవీ నీళ్ల పార్టీనే.

కడగడం కోయకముందే కావాలి. కడిగి, చిల్లుల గిన్నెలో వంచి, తువ్వాలు మీద పరిచి కనీసం అరగంట ఆరనివ్వండి. క్యాబేజీ రెక్కల మధ్య నీళ్లు దాక్కుంటాయి, విడదీసి దులపండి. హడావుడిగా కడిగి, తడితడిగా కోసి, అలాగే కడాయిలో పడేయడం వల్లే మొదటి రోజు నా వంట కూరైంది.

గాజర్‌ను ఏటవాలుగా, రూపాయి బిళ్ల మందాన కోయండి. ఏటవాలు కోత అందానికి కాదు, వేడి తగిలే ముఖం పెద్దదవుతుంది. బీన్స్ అంగుళంన్నర ముక్కలు, అవీ ఏటవాలుగానే. క్యాప్సికమ్, ఉల్లిగడ్డ పెద్ద చతురస్రాలు, ఉల్లిగడ్డ పొరలు విడదీయండి. క్యాబేజీ వేలెడు వెడల్పు పట్టీలు, మన వేపుడుకు తరిగినట్టు సన్నగా కాదు. గోబీ పువ్వు గోళీకాయంత. ఆరేడు వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం సన్నగా తరగండి, పేస్టు వేయొద్దు, పేస్టు అడుగంటి చేదెక్కుతుంది. రెండు మూడు ఎండుమిర్చి తుంచి పెట్టుకోండి. ధర్మాబాద్ మిర్చి మార్కెట్‌కు పేరున్న ఊరు, మా ఇళ్లలో ఎండుమిర్చికి కరువుండదు. మీది ఎంత ఘాటో చూసుకుని వేయండి.

ఒక్కో కూరగాయనూ విడివిడి ప్లేట్లలో, ఉడికే వరసలో పెట్టుకోండి. అంట్లు ఎక్కువవుతాయని నాకూ తెలుసు. కానీ పొయ్యి వెలిగించాక ఏదీ కోయడానికి టైముండదు, నాలుగైదు నిమిషాల్లో అంతా అయిపోతుంది.

సాస్ కూడా ముందే కలిపి పెట్టాలి. ఒక గిన్నెలో ఒకటిన్నర పెద్ద స్పూన్ల సోయా సాస్, ఒక టీ స్పూను వెనిగర్, అర టీ స్పూను బెల్లం తురుము, ఒక టీ స్పూను కార్న్‌ఫ్లోర్, నాలుగు పెద్ద స్పూన్ల నీళ్లు. వెనిగర్ లేకపోతే నిమ్మరసం, అయితే దాన్ని పొయ్యి ఆపాక పిండాలి. సోయా సాస్‌లోనే ఉప్పు దండిగా ఉంటుంది. ఉప్పు డబ్బా మూత తీయకముందు ఒకసారి నాకి చూడండి. కార్న్‌ఫ్లోర్ గిన్నె అడుగున పేరుకుంటుంది, పోసే ముందు మళ్లీ కలపాలి, ఇది తొంభై తొమ్మిది మంది మర్చిపోతారు.

మంట మీద

చైనీస్ బండి దగ్గర నిలబడి చూశారా ఎప్పుడైనా? మా వైపు ప్రతి చిన్న ఊరి బస్టాండు దగ్గరా ఒకటి ఉంటుంది. అతని స్టౌ నుంచి విమానం మోత వస్తుంది, మంట కడాయి అంచు దాటి లేస్తుంది. కడాయిలో వేసింది వేసినట్టు ఆవిరై, కూరగాయ మెరుస్తూ, కరకరలాడుతూ దిగుతుంది. మన ఇంటి గ్యాస్‌కు ఆ బలం లేదు. కూరగాయలన్నీ ఒకేసారి పోస్తే కడాయి చల్లబడుతుంది, చల్లబడిన కడాయిలో కూరగాయలు వేగవు, తమ నీళ్లలో తామే ఉడుకుతాయి. దీనికి మందు ఒకటే, కొంచెం కొంచెంగా చేయడం. నలుగురికి వండుతుంటే రెండు వాయిలు. కడాయిలో సగానికి మించి నిండకూడదు.

కడాయిని మళ్లీ బాగా వేడెక్కించి, ఒక పెద్ద స్పూను నూనె. ఎండుమిర్చి, వెల్లుల్లి, అల్లం వేసి ఇరవై లెక్కపెట్టండి. వెల్లుల్లి అంచులు లేత బంగారు రంగుకు తిరగగానే గాజర్, బీన్స్, గోబీ, పెద్ద మంట మీద రెండు నిమిషాలు. గరిటెను అడుగు నుంచి పైకి ఎత్తి తిప్పండి, నలపకండి. ఈ మధ్యలో కడాయి చప్పుడు వినండి. గట్టిగా చిటపటలాడుతూ ఉండాలి. చప్పుడు మెత్తబడి 'బుస్' అని వినిపించడం మొదలైతే నీళ్లు చేరుతున్నాయని లెక్క. వెంటనే కూరగాయల్ని అంచులకు తోసి, మధ్యలో ఖాళీ చేసి, ఆ నీళ్లు ఎగిరిపోనివ్వండి. మూత మాత్రం పెట్టకండి.

తర్వాత ఉల్లిగడ్డ, క్యాప్సికమ్, ఒక నిమిషం. క్యాబేజీ, ఇంకో నిమిషం. క్యాప్సికమ్ చర్మం మీద అక్కడక్కడా చిన్న పొక్కులు లేచి, రంగు ముదురుతుంది, కానీ కొరికితే ఇంకా కరకరలాడాలి. పప్పులో ఉడికిన కూరగాయకు అలవాటుపడిన ఇళ్లలో "పచ్చిగుంది" అంటారు. అత్తమ్మ అదే అంది. ఆమె కోసం గాజర్, బీన్స్ ఇంకో నిమిషం ఎక్కువ ఉంచుతాను, అంతకు మించి రాజీ పడను.

రెండు వాయిలూ అయ్యాక అన్నీ కలిపి కడాయిలో పోసి, వేయించిన టోఫు వేయండి. సాస్ గిన్నెను మళ్లీ కలిపి, కూరగాయల మీద కాకుండా కడాయి వేడి అంచు చుట్టూ పోయండి. అంచుకు తగలగానే చుర్రుమని మరిగి, వాసన గుప్పుమంటుంది. రెండు మూడుసార్లు ఎగరేయండి. ముప్పై నలభై సెకన్లలో సాస్ చిక్కబడి, ముక్కలకు మెరుపు పూసినట్టు పట్టుకుంటుంది. ఆపేయండి. ఉల్లాకు, పావు టీ స్పూను మిరియాల పొడి చల్లి కలపండి.

చైనా వంటల్లో చివర్న నువ్వుల నూనె కొన్ని చుక్కలు వేస్తారు. అది వేయించిన నువ్వుల నుంచి తీసిన ముదురు రంగు నూనె, మనం పచ్చళ్లలో పోసే నూనె కాదు. దాని బదులు సంక్రాంతి తీళ్‌గుళ్‌కు, అంటే నువ్వులు బెల్లం ఉండలకు, తెచ్చి మిగిలిన నువ్వులు ఒక స్పూను దోరగా వేయించి పైన చల్లండి. ఆ వాసన దగ్గరగానే ఉంటుంది.

అన్నంలోకైతే ఇలాగే బాగుంటుంది. జొన్న రొట్టెలోకి కావాలంటే సాస్‌లో నీళ్లు ఇంకో రెండు స్పూన్లు పెంచండి, రొట్టె ముక్క అద్దుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. వడ్డించడం వెంటనే కావాలి. అరగంట ఆగితే టోఫు కరకర పోతుంది, కూరగాయలు చెమట పడతాయి. అందుకే అందర్నీ కూర్చోబెట్టాకే నేను రెండోసారి పొయ్యి వెలిగిస్తాను.

సోయా ఎప్పుడూ తినని చిన్న పిల్లలకు మొదటిసారి రెండు ముక్కలే పెట్టి చూడండి, కొందరికి సోయా పడదు. ఇంట్లో ఎవరైనా పొద్దున థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంటే దానికీ సోయాకూ మధ్య ఎంత ఎడం కావాలో డాక్టర్‌ను అడగండి, ఎందుకంటే సోయా ఆ మందును ఒంటికి పట్టకుండా తగ్గించగలదు.

మిగిలిన టోఫును నీళ్లలో మునిగేలా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, రోజూ నీళ్లు మార్చండి, మూడు రోజుల్లో వాడేయండి. చేతికి జిగురుగా తగిలినా, పుల్లటి వాసన వచ్చినా ఆలోచించకుండా పారేయండి.

ఇక ఆ పిప్పి. పచ్చి సోయాది కాబట్టి బాగా ఉడకాలి, ఆ రోజే వాడాలి, లేకపోతే పులుస్తుంది. కడాయిలో ఒక స్పూను నూనెతో పది నిమిషాలు పొడిపొడిగా వేయించి, జొన్నపిండి, తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర, కారం, ఉప్పు, చిటికెడు వాము కలిపి థాలిపీఠ్‌లా, అంటే మరాఠీ ఇళ్లలో చేసే మసాలా రొట్టెలా, తట్టి పెనం మీద రెండు వైపులా నిదానంగా కాల్చండి. పిప్పి ఒక వంతుకు పిండి రెండు వంతులు. అంతకన్నా పిప్పి ఎక్కువైతే తట్టేటప్పుడే అంచులు పగుళ్లిస్తుంది.

మామయ్యకు టోఫు కన్నా ఈ థాలిపీఠే నచ్చింది. రెండోది తింటూ, "బస్తాలకెల్లి ఎంత తీసినవ్?" అని అడిగారు. పావు కిలో అన్నాను. కాసేపు నమిలి, "పావు కిలో తక్కువైందని మోండాల ఎవ్వడు చూస్తడు. రేపటికి ఇంకో పావు తీయి" అన్నారు.